వాలు చెప్పినట్టు గీసిన ఇల్లు

భీమిలికీ ఆనందపురానికీ మధ్య, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల లోపలగా, ఒక కొండ తూర్పు వాలు మీద మాకు 600 గజాల స్థలం ఉంది. రోడ్డు వెంబడి 60 అడుగులు, లోపలికి 90 అడుగులు. రోడ్డు అంచు నుంచి వెనక హద్దు దాకా నేల దాదాపు అయిదున్నర మీటర్లు ఎక్కుతుంది, అంటే అయిదడుగులు ముందుకు నడిస్తే ఒక అడుగు పైకి చేరతాం. ఇలాంటి స్థలం కొన్నవారు మా వైపు మొదట చేసే పని పొక్లెయినును పిలిపించి వెనక కొండను కోయించి, ఆ మట్టినే ముందుకు నెట్టించి, చుట్టూ ఎత్తయిన గోడ లేపి, బల్లపరుపుగా తయారైన ఆ నేల మీద ఊళ్లో కట్టుకునే ఇంటినే కట్టుకోవడం. మేము నేలను చదును చేయకూడదని మొదటే అనుకున్నాం. ఆ ఒక్క నిర్ణయం నుంచి ఇంటి నమూనాలో తక్కినవన్నీ ఎలా పుట్టాయో, అందుకు మేము ఏమేమి వదులుకోవలసి వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

స్థలం వెతుకులాట గురించి ఎక్కువ చెప్పను. మావారికి మొదట అరకు మీద మనసుండేది. అది షెడ్యూల్డు ప్రాంతం; 1/70గా అందరికీ తెలిసిన భూబదలాయింపు చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. అలా ఉండడమే న్యాయమని నా అభిప్రాయం కూడా కావడంతో ఆ మాట అక్కడితో ఆగింది. విశాఖ చుట్టూ కొండవాలు భూములు కొనేటప్పుడు కొండ పోరంబోకు ఎక్కడ ముగుస్తుందో, పట్టా భూమి ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడమే అసలు పరీక్ష. సర్వే నంబరు నిషేధిత భూముల 22ఎ జాబితాలో లేదని, అడంగల్ కాగితాల్లోనూ క్షేత్రస్థాయి పటంలోనూ విస్తీర్ణం ఒకటిగానే ఉందని న్యాయవాది చెప్పాకే అడ్వాన్సు ఇచ్చాం.

ఆర్కిటెక్టుగారు మొదటిసారి స్థలానికి వచ్చినప్పుడు ఎన్ని పడకగదులు కావాలని అడగలేదు. వానాకాలంలో ఈ నేల మీద నీరు ఎటు పోతుందని అడిగారు. మాకు తెలియదు. పక్కనున్న జీడితోటలో మేకలు కాసే పెద్దాయనకు తెలుసు. "దచ్చినం పక్క నుండి గెడ్డ దిగుతాదండి. వాన గట్టిగా పడితే మోకాలు లోతుంటాది" అన్నాడు. మేము చూసింది ఎండాకాలంలో కాబట్టి ఆ గెడ్డ, అంటే వాననీటి వాగు, మా కళ్లకు గడ్డి పెరిగిన చిన్న పల్లంలాగే కనిపించింది. ఆ తరువాత దూరాలూ ఎత్తులూ కొలిచే టోటల్ స్టేషన్ పరికరంతో సర్వే చేయించి, ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ 50 సెంటీమీటర్ల ఎత్తుకొక గీత చొప్పున కాంటూరు పటం గీయిస్తే పెద్దాయన మాట అక్షరాలా నిజమని తేలింది. పటం మీద గీతలన్నీ దక్షిణ హద్దు దగ్గర కొండ వైపుకు వంగి ఉన్నాయి. నీరు నడిచే దారి పటంలో కనిపించేది అలాగే. ఆర్కిటెక్టుగారు దాని మీద పలుచటి కాగితం పరచి ముందు నీలి పెన్సిలుతో నీటి దారులు గీశారు, తరువాత ఆకుపచ్చ పెన్సిలుతో చెట్లు, బండలు గుర్తించారు. ఇంటికి మిగిలింది ఆ రెండు రంగులూ తగలని చోటు.

ఆ వారంలోనే ఆవిడ మమ్మల్ని రెండు చోట్లు చూసి రమ్మన్నారు. ఒకటి భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు. వాటిని సినిమా చిత్రీకరణల చోటుగా మాత్రమే ఎరిగిన నాకు, ఆ రోజు అవి వేరే సంగతి చెప్పాయి. పైన గడ్డీ పొదా పట్టుకున్న చోట ఇసుకమట్టి గుట్టలా నిలిచి ఉంది. ఆ పైపొర పోయిన చోట వాననీరు నిలువునా కోసుకుంటూ పోయి, మనిషి దిగితే కనపడనంత లోతు లోయలు చేసింది. రెండోది తొట్లకొండ. సముద్ర మట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున ఆ కొండ మీద రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు నివసించారు. అక్కడ స్తూపం, విహారాల గదులు చూసి తిరిగి వచ్చేయడం మామూలు. మేము ఈసారి రాతిలో తొలిచిన నీటి తొట్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాం. వాగూ చెరువూ లేని కొండ కొప్పు మీద అంతమంది బతకగలిగారంటే పడిన వానను పడిన చోటే పట్టుకున్నారన్న మాట. మా కొండ కూడా అదే వరుసలోది, మా మీద పడేదీ అదే వాన.

రాతి విషయానికి వస్తే, ఈ కొండలు ఖోండలైట్ అనే శిలవి. సింహాచలం దేవాలయం కట్టింది కూడా ఈ రాతితోనే. గట్టిగా ఉన్నప్పుడు చక్కగా చెక్కుడు పడుతుంది. కానీ గాలికీ నీటికీ తొందరగా శిథిలమై, లోపల తెల్లటి బంకమన్ను పొరలు ఏర్పడతాయి. పొడిగా ఉన్నంతకాలం ఆ పొర రాయిలాగే ఉంటుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. మా స్థలంలో నాలుగు చోట్ల గోతులు తీయించి చూస్తే, పైన అడుగున్నర ఎర్రమట్టి, దాని కింద గ్రావెల్, ఒకటిన్నర నుంచి రెండున్నర మీటర్ల లోతున శిథిలమైన రాయి తగిలాయి. ఒక గోతి గోడలో చిటికెన వేలంత మందాన తెల్ల పొర వాలుతోపాటే కిందికి దిగుతూ కనిపించింది. స్ట్రక్చరల్ ఇంజినీరుగారు దాన్ని గోటితో గీకి, కాస్త నీళ్లు చిలకరించి, వేళ్ల మధ్య రుద్ది మాకు చూపించారు. పునాదులన్నీ ఆ పొరను దాటి గట్టి రాతిలోకి దిగాలని అప్పుడే నిశ్చయమైంది.

కొండను కోసి నిలువు గోడ కట్టడం ఎందుకు ప్రమాదమో ఆయన చెప్పిన లెక్క నాకు బాగా గుర్తుంది. మూడు మీటర్ల గోడ వెనక నీరు పైదాకా నిలిస్తే, ఆ నీరొక్కటే ప్రతి మీటరు పొడవునా గోడను దాదాపు నాలుగున్నర టన్నుల బలంతో నెడుతుంది. మట్టి నెట్టుడు దీనికి అదనం. గోడలు కూలేది చాలాసార్లు మట్టి బరువుకు కాదు, పోవడానికి దారి లేక వెనక చిక్కుకున్న నీటికి. ఆ తరువాత 2024 ఆగస్టు చివర కురిసిన వానలకు విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయినప్పుడు, మా ఇంట్లో అప్పటిదాకా చదును గురించి సణుగుతున్నవారు కూడా ఇక ఆ ఊసెత్తలేదు.

అందువల్ల మా ఇల్లు ఒకే అంతస్తుగా కాక, వాలుతోపాటు మెట్లుమెట్లుగా ఎక్కుతుంది. రోడ్డు మట్టంలో కారు నిలిపే చోటు, దాని కింద నీటి తొట్టి. అక్కడికి ఒకటిన్నర మీటర్ల ఎత్తున వసారా, హాలు, వంటిల్లు, దేవుడి గూడు, అత్తగారి గది. మరో ఒకటిన్నర మీటర్ల ఎత్తున మా గదీ పిల్లల గదీ. ఆ పైన ఇంకో ఒకటిన్నర మీటర్లకు చదువుకునే గది, వచ్చిపోయే వారికి ఒక పడక. ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి 15 సెంటీమీటర్ల మెట్లు పది మాత్రమే. ప్రతి మట్టం దగ్గరా ఇంటి నేలకూ బయటి నేలకూ మధ్య తేడా ఒక జానెడు మించదు కాబట్టి, ఏ గదిలో నుంచి అడుగు బయట పెట్టినా నేల మీదే పెడతాం. పిల్లల గది మూడో మట్టంలో ఉన్నా దానికీ సొంత పెరటి గుమ్మం ఉంది. ప్రకృతితో కలిసిన ఇల్లు అని పత్రికల్లో రాసే మాటకు నాకు తెలిసిన అర్థం ఇంతే. పెద్ద గాజు గోడలోంచి కొండను చూస్తూ కూర్చోవడం కన్నా, చెప్పులు లేకుండా పెరట్లోకి దిగగలగడం నాకు ఎక్కువ.

ఇలా మెట్లుగా కట్టినప్పుడు ఇంజినీరు ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసే విషయం ఒకటుంది. ఒకే కప్పును మోసే స్తంభాల్లో కొండ వైపువి పొట్టిగా, రోడ్డు వైపువి పొడుగ్గా ఉంటాయి. భూమి కదిలినప్పుడు పొట్టి స్తంభం బిగుసుకుని ఉండడం వల్ల తన వాటాకు మించిన బలాన్ని తనే లాక్కుంటుంది, అందుకే ముందు అదే పగులుతుంది. అప్పటి భారత ప్రమాణం విశాఖను భూకంపాల దృష్ట్యా తక్కువ ప్రమాదమున్న రెండో జోన్‌లో పెట్టినా ఆయన దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. ఇంటిని రెండు భాగాలుగా విడదీసి, మధ్యలో ఖాళీ వదిలి, ఒక్కో భాగంలో స్తంభాల పొడవులు దగ్గరదగ్గరగా ఉండేలా చూశారు. ఆ ఖాళీయే మాకు మండువా అయింది. మా అమ్మమ్మగారి ఊళ్లో లోగిలి మధ్య వాన పడే చోటు ఎందుకుండేదో వేరే సంగతి. మా ఇంట్లో అది ఉండడానికి మొదటి కారణం స్తంభాలు.

ఆ మండువాలో ఒక బండ ఉంది. మనిషి నడుము ఎత్తు, రెండు మంచాలంత వైశాల్యం. దాన్ని పగలగొట్టించేద్దామని మేస్త్రీ పట్టుపట్టాడు. "ఇది ఉంటే సెంట్రింగుకి అడ్డం అమ్మగారూ, ఒక్క రోజు పని" అన్నాడు. ఆర్కిటెక్టుగారు ముందు చుట్టూ చేత్తో తవ్వించి చూద్దామన్నారు. తవ్వేకొద్దీ అది కింద వెడల్పవుతూ పోయింది; కొండలో భాగమే తప్ప పైనుంచి దొర్లి వచ్చింది కాదు. కాబట్టి అది అక్కడే ఉండిపోయింది. దానికీ ఇంటి పునాదికీ ఎక్కడా అతుకు లేకుండా జానెడు సందు వదిలి, ఆ సందులో గులకరాళ్లు నింపాం. వాన నీరు బండ మీదుగా జారి ఆ గులకల్లోకి దిగి, అడుగునున్న గొట్టంలోంచి తొట్టికి చేరుతుంది. ఇదే పరీక్ష వెనక హద్దు దగ్గర ఇంకో బండకు చేస్తే ఫలితం తలకిందులైంది. చూడడానికి అంతకన్నా దిట్టంగా ఉన్న ఆ బండ కింద మూడు వైపులా ఉత్త మట్టే ఉంది. దాన్ని ఉంచడానికి వీల్లేదు. రాళ్లు కొట్టేవాళ్లు ఉలితో వరుసగా గాడులు తొలిచి, వాటిలో ఇనుప మేకులు పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో దెబ్బ చొప్పున వరుస తప్పకుండా కొడుతూ పోతే, కాసేపటికి చప్పుడు మారింది. దాని వెనకే వెంట్రుకవాసి గీత బండ పొడవునా పాకింది. పేలుడు లేదు, దుమ్ము లేదు. ఆ రాయే పెరటి గోడలకు సరిపోయింది.

వాస్తు గురించి చెప్పకుండా తెలుగువారి ఇంటి కథ పూర్తి కాదు. పడమర ఎత్తు, తూర్పు పల్లం కాబట్టి సిద్ధాంతిగారు మొదట సంతోషించారు. అయితే గెడ్డ దక్షిణ హద్దు వెంట దిగి ఆగ్నేయ మూల నుంచి బయటికి పోతుంది, అందువల్ల స్థలంలో అన్నిటికన్నా పల్లం ఆగ్నేయం. ఆ మూలను మట్టితో లేపి ఈశాన్యం కన్నా ఎత్తు చేయమన్నారు. మా నాన్నగారు కూడా ఆయన పక్షమే. గెడ్డ నోరు మూస్తే నీరు ఎక్కడికి పోతుందన్నది మా ప్రశ్న. రెండు మూడు సార్లు కూర్చుని మాట్లాడుకున్నాక సిద్ధాంతిగారే దారి చూపించారు: గెడ్డ ఉన్న పట్టీని రెండడుగుల రాతి గోడతో వేరుచేస్తే అది గృహస్థలం లెక్కలోకి రాదు, మిగిలిన దీర్ఘచతురస్రంలో ఈశాన్యాన్ని ఒక మెట్టు దించితే దోషం పోతుంది. పటం మీద చూస్తే అది మాకూ మేలే అయింది. ఆ పట్టీ ఎప్పటికీ కట్టడం లేకుండా, చెట్లతో, నీటి దారిగా ఉండిపోతుంది. ఆగ్నేయం నుంచి వచ్చే సముద్రపు గాలికి కూడా అడ్డు ఉండదు.

అత్తగారిది వేరే అభ్యంతరం. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. "నన్ను కొండెక్కించి కూర్చోబెడతారా అమ్మాయ్? దిగాలనిపిస్తే ఎవరిని పిలవను?" అన్నారు మొదటి నమూనా చూసి. అందులో రోడ్డు నుంచి వసారాకు పది మెట్లున్నాయి. లిఫ్టు పెట్టవచ్చని ఒకరు సలహా ఇచ్చారు; ఒకటిన్నర మీటర్లకు లిఫ్టు ఏమిటని నాకే నచ్చలేదు. చక్రాల కుర్చీ వెళ్లాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలని జాతీయ నిర్మాణ స్మృతి చెబుతుంది. ఆ లెక్కన మాకు 18 మీటర్ల వాలుదారి కావాలి, అంటే స్థలం ముఖం అంత పొడవు. మొదట అది అసాధ్యంగా తోచింది. తరువాత ఆర్కిటెక్టుగారు దాన్ని ఇంటికి అతికించకుండా, రోడ్డు పక్క నుంచి వాలుకు అడ్డంగా నడిపించి, పాత జీడిమామిడి చెట్టు చుట్టూ తిప్పి, మలుపు దగ్గర కూర్చునే అరుగు పెట్టి వసారాకు చేర్చారు. నమూనాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. దీనివల్ల ఇంటికి వచ్చే ప్రతి ఒక్కరూ గుమ్మం చేరేలోపు స్థలమంతా ఒకసారి చూసినట్టవుతుంది. మెట్లు కూడా ఉన్నాయి గానీ పిల్లలు తప్ప వాటిని ఎవరూ వాడరు. అత్తగారు ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ దారిలోనే నడక సాగిస్తున్నారు.

గాలి విషయంలో విశాఖ వాసులకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు మేమున్న అపార్టుమెంటులో సముద్రం వైపు గాజు కిటికీలన్నీ పగిలి లోపలికి వచ్చాయి. గాలి భారాలకు సంబంధించిన భారత ప్రమాణం విశాఖకు సెకనుకు 50 మీటర్ల వేగాన్ని, అంటే గంటకు 180 కిలోమీటర్లను, ఆధారంగా పెట్టింది. కొండవాలు మీద గాలి పైకి ఎక్కుతూ వేగం పుంజుకుంటుంది కనుక ఆ సంఖ్యను 1.36 రెట్ల దాకా పెంచవలసి రావచ్చు. మా ఇల్లు కొండ మధ్యలో ఉంది, కొప్పు మీద లేదు కాబట్టి అంత పెంపు అవసరపడలేదు. అయినా వేగం పెరిగితే నెట్టుడు దాని వర్గం చొప్పున పెరుగుతుందన్నది గుర్తు పెట్టుకోవలసిన సంగతి. మావారు ఎంతో ముచ్చటపడిన, నేల నుంచి కప్పు దాకా ఉండే 14 అడుగుల గాజు గోడ ఆ లెక్క దగ్గరే రద్దయింది. దాని స్థానంలో మూడున్నర అడుగులకు మించని వెడల్పు పలకలు, పగిలినా ముక్కలు ఊడిపడని అతుకు గాజు, బయట జరిపే చెక్క తలుపులు వచ్చాయి. సముద్రం వాటిలోంచి ముక్కలుగా కనిపిస్తుంది. నాకైతే అదే బాగుంది. వంటింట్లో నిలబడితే ఒక ముక్క, పడక మీద నుంచి ఇంకో ముక్క.

ఎండ మాత్రం మాకు అనుకూలంగా ఉంది. కొండ పడమట ఉండడం వల్ల వేసవి సాయంత్రాల చురుకు ఇంటికి తగలకముందే సూర్యుడు దాని చాటుకు వెళ్లిపోతాడు. పొద్దుటి ఎండను ఆపడానికి తూర్పున నాలుగున్నర అడుగుల చూరు, దాని ముందు జీడిమామిడి. విశాఖలో జూన్ నెల మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఉత్తరపు కిటికీలకు కూడా చిన్న చూరులు అవసరమయ్యాయి. ఉత్తరానికి ఎండ రాదనుకుని చాలామంది వదిలేస్తారు. రాత్రిళ్లు కొండ మీది చల్లగాలి వాలు వెంట కిందికి దిగుతుంది. దానికోసం పడమటి గోడల్లో నేలకు దగ్గరగా చిన్న కిటికీలు, తూర్పున పైన గవాక్షాలు పెట్టాం. వాటికి పురుగుల జాలీ, పాములు దూరకుండా ఇనుప కమ్మీలు తప్పనిసరి.

పాముల మాట వచ్చింది కాబట్టి గోడల గురించి చెబుతాను. పెరటిలో మీటరు ఎత్తు దాటని గోడలన్నీ సిమెంటు లేకుండా, ఆ పగిలిన బండ రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, కొంచెం కొండ వైపు వాలుగా కట్టినవి. నీరు వాటి సందుల్లోంచే పోతుంది కాబట్టి వెనక ఒత్తిడి నిలవదు. అయితే ఆ సందుల్లో పాములు చేరతాయని అత్తగారు అన్నారు, అది నిజమే. అందుకని ఇంటికి దగ్గరి గోడలకు మాత్రం రాళ్ల మధ్య సున్నం, సిమెంటు పెట్టి, నీరు పోవడానికి జాలీ బిగించిన గొట్టాలు వదిలాం. ఇంటి చుట్టూ మూడడుగుల మేర గడ్డి లేకుండా కంకర పరిచాం. ఇంటి వెనక కొండను ఆపే పెద్ద గోడ ఒక్కటే కాంక్రీటుది. దాని వీపున నిలువెత్తునా 40 ఎం.ఎం. కంకర, దాని వెనక మట్టి రాకుండా వడపోత గుడ్డ, అడుగున చిల్లుల గొట్టం. ఈ కంకర పొరను సగం ఎత్తుకే వేసి మిగతాది మట్టితో పూడ్చేయడం పనివాళ్లకు అలవాటు. ఆ రెండు రోజులూ నేను కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను.

ఆ గోడకు పైన, వెనక హద్దు పొడవునా, పైవాలు నుంచి వచ్చే నీటిని ఇంటికి తగలకుండా పక్కకు మళ్లించి గెడ్డలో కలిపే అడ్డకాలువ ఉంది. అందంగా ఉండదు, ఫొటోల్లో కనిపించదు. ఇంటి మొత్తానికి అతి ముఖ్యమైనది అదే. కప్పుల మీద పడే వాన వేరే దారిన వెళుతుంది. కప్పుల్లో కొంత భాగం మీద తోట మట్టి ఉంది; అది లేని కప్పు వైశాల్యం 150 చదరపు మీటర్లు, అంటే ఒక సెంటీమీటరు వానకు 1,500 లీటర్లు. కారు కింది తొట్టిలో 25,000 లీటర్లు పడతాయి. గట్టి వాయుగుండం వస్తే రెండు రోజుల్లో నిండిపోతుంది, పొంగినది ఇంకుడు గుంతకు కాక గెడ్డకే పోతుంది. వాలు మీద గోడ వెనక ఇంకుడు గుంత తవ్వడం ఆ గోడను మనమే నెట్టినట్టు. నిబంధనల ప్రకారం ఉండాల్సిన గుంతను రోడ్డు మట్టంలో, అన్ని గోడలకూ దిగువన తవ్వాం. మరుగుదొడ్డి నీటి ట్యాంకు కూడా అక్కడే. స్నానాల నీరు మాత్రం మెట్టతామర నాటిన కంకర మడిలోంచి వడిసి అరటి చెట్లకు పోతుంది.

హాలు మట్టం కప్పూ అన్నిటికన్నా పై మట్టం నేలా ఒకే ఎత్తున ఉంటాయి కాబట్టి, మండువా పక్క నడవా దాటితే చదువుకునే గది ముందు ఆ కప్పే తోట అవుతుంది. దాని మీద 30 సెంటీమీటర్ల మట్టి వేశాం. తడిసినప్పుడు అది చదరపు మీటరుకు ఆరు వందల కిలోల దాకా తూగుతుంది. ఇది నమూనా దశలోనే చెప్పాలి, కట్టాక ముచ్చటపడి మట్టి పోస్తే కప్పు ఒప్పుకోదు. నీరు దిగని పొర వేశాక మూడు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద చెమ్మ రాలేదని చూశాకే మట్టి ఎక్కించాం. పునాదులు తీసేటప్పుడు పై అడుగు మట్టిని విడిగా కుప్ప పోయించి, టార్పాలిన్ కప్పించి దాచాం. ఆ మట్టిలో విత్తనాలు ఉండిపోయాయి. మేము నాటింది నిమ్మగడ్డి, గరిక. మొదటి వానకు తంగేడు, సీతాఫలం మొలకలు వాటంతట అవే వచ్చాయి. నర్సరీవారు తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్, మెత్తగా ఉంటుందని కార్పెట్ గడ్డి అంటగట్టబోయారు. రెండూ వద్దన్నాం. రాతి గోడల అంచుల వెంట వట్టివేరు వరుసలు వేశాం, దాని వేరు నిలువుగా మూడు మీటర్ల దాకా దిగి మట్టిని కుట్టేసినట్టు పట్టుకుంటుంది. స్థలంలో అంతకుముందే ఉన్న మూడు జీడిమామిళ్లు, నేరేడు, రెండు తాటిచెట్లు అలాగే ఉన్నాయి. ఇంటి ఉత్తరపు గోడ ఒకచోట లోపలికి మడత పడి ఉండడానికి కారణం ఆ తాటిచెట్లలో ఒకటే.

ఖర్చు దగ్గర దాపరికం అక్కరలేదు. పునాదులకూ నేల మట్టం పనులకూ చదును నేల మీద అయ్యేదానికి దాదాపు రెట్టింపు అయింది. కూలి ఎక్కువ, సామాను పైకి మోయించడం ఎక్కువ, ప్రతి స్తంభానికీ వేరే కొలత. ఉప్పుగాలి వల్ల ఇనుము మీద కాంక్రీటు పొర మందం పెంచడం, కిటికీల బిగింపులకు తుప్పు పట్టని ఉక్కు వాడడం కూడా కలిశాయి. కొంత మిగిలింది కూడా: కోసిన మట్టి అంతా స్థలంలోనే సర్దుకుపోయింది కాబట్టి ఒక్క టిప్పరు బయటికి పోలేదు, పెరటి రాయి కొనలేదు. వసారాకు ముందు కడప నల్లరాయి అనుకున్నాం. ఎండలో కాలు పెట్టలేమని బేతంచర్ల రాయికి మారాం, అది ధరలోనూ కలిసొచ్చింది. సెంట్రింగు ఆలస్యమై మొదటి కాంట్రాక్టరు మధ్యలో తప్పుకోవడం వల్ల ఒక వానాకాలం పునాదులు తెరిచే ఉండిపోయాయి. అడ్డకాలువను అన్నిటికన్నా ముందు కట్టించి ఉండడం వల్లే ఆ గోతులు పూడిపోలేదు.

ఇటీవల మాకు పైన ఉన్న స్థలం అమ్ముడుపోయింది. కొన్నవారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఉపాధ్యాయ దంపతులు. పొక్లెయిను మాట్లాడుకుని, ఏ రోజు దించాలో చెప్పడానికి వచ్చారు, వారి మట్టి మా హద్దు దాటి రాకుండా చూస్తామని మర్యాదగా చెప్పారు. కాఫీ ఇచ్చి, వెనక గోడా అడ్డకాలువా చూపించాం. ఆయన కాలువ అంచున కూర్చుని, పైనుంచి వారి నీరు కూడా ఇందులోకే వస్తే దీని వెడల్పు చాలుతుందా అని అడిగారు. చాలదు. వారి హద్దు దగ్గరే ఇంకో కాలువ కట్టి, రెండూ కలిపి గెడ్డకు దించితే సరిపోతుందని ఇంజినీరుగారు ఫోనులో చెప్పారు. దిగువ భాగం ఖర్చు చెరి సగం పెట్టుకోవడానికి ఒప్పుకున్నాం. చదును చేయాలా వద్దా అన్నది వారింకా తేల్చుకోలేదు. పొక్లెయినును మాత్రం ప్రస్తుతానికి ఆపి, మా సర్వేయరు నంబరూ, కాంటూరు పటం నకలూ తీసుకెళ్లారు.